ఎంత ఉంది అని కాదు, ఎన్నాళ్లు వస్తుంది అని

2009 జనవరిలో నా ఉద్యోగం పోయింది. ఆ రాత్రి నేను చేసిన మొదటి పని కంప్యూటర్ ముందు కూర్చుని షేర్ల ఖాతా తెరవడం. ఏడాది కిందట నూరు ఉందనుకుంటే అప్పటికి యాభై అయిదు మిగిలింది. నా భార్య వచ్చి వెనక నిలబడి తెర మీది ఎర్ర అంకెలను కాసేపు చూసింది. ఏ షేరు ఎంత పడిందో, ఏది మళ్లీ లేస్తుందో, ఎందుకు లేవక తప్పదో నేను చెప్పుకుపోతున్నాను. అంతా విని ఆవిడ ఒకే మాట అడిగింది.

"అదంతా సరేనండీ, ఇది ఎన్ని నెలలు వస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఎంత ఉందో దశాంశ స్థానాలతో సహా తెలుసు. ఎన్నాళ్లు వస్తుందో ఎప్పుడూ లెక్క వేయలేదు. అప్పుడు ఒక పాత నోటుపుస్తకం తీసి, చివరి పేజీలో అద్దె, రుణ వాయిదా, పిల్లవాడి ఫీజు, మందులు, తిండి వరసగా రాశాం. బ్యాంకులో ఉన్న డబ్బు ఆరు వారాలకు సరిపోతుందని తేలింది. ఆ తరవాత షేర్లే దిక్కు.

అమ్మాను. ఫిబ్రవరి నెలాఖరున కొన్ని, మార్చి మొదటి వారంలో మరికొన్ని. అమెరికా షేర్లకు కొలబద్దగా చూసే ఎస్ అండ్ పీ 500 సూచీ అప్పటి ఆర్థిక మాంద్యంలో అట్టడుగున ముగిసింది 2009 మార్చి 9న, 676 దగ్గర. 2007 అక్టోబరులో అది 1,565 వరకు వెళ్లింది. అంటే నేను గోతి అడుగుకు దిగి, అక్కడ కూర్చుని అమ్ముకున్నాను. భయపడి అమ్మలేదు. ఇంకా పడుతుందని ఎవరో చెబితే విని అమ్మలేదు. నెలాఖరు వచ్చింది, అద్దె కట్టాలి, అమ్మాను.

అప్పటి నుంచి మాంద్యంలో మదుపు గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా నాకు ముందు ఆ నోటుపుస్తకమే గుర్తొస్తుంది. సలహాలన్నీ ఏది కొనాలి, ఏది అమ్మాలి, ఎంత ధైర్యంగా ఉండాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. నేను చూసినంతలో మాంద్యం తప్పు షేరు కొన్నవాళ్లను కుంగదీస్తుంది, నిజమే. కానీ నేల కరిపించేది ఆగలేనివాళ్లను. ఓర్పు అనేది మనిషి స్వభావానికి సంబంధించినదని అనుకుంటాం. డబ్బు దగ్గర అది చాలావరకు నిల్వకు సంబంధించిన వ్యవహారం. ఆరు వారాల డబ్బు ఉన్నవాడికి ఆరు వారాల ఓర్పే ఉంటుంది, వాడు ఎంత స్థితప్రజ్ఞుడైనా సరే.

మాంద్యం వచ్చాక చూసుకుందాంలే అనుకునేవారికి ఒక తేదీల కథ చెప్పాలి. అమెరికాలో మాంద్యం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది తేల్చేది నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రిసెర్చ్ అనే సంస్థ. 2007 డిసెంబరులో మాంద్యం మొదలైందని వాళ్లు ప్రకటించినది 2008 డిసెంబరు 1న. సరిగ్గా ఏడాది ఆలస్యం. అప్పటికి లేమన్ బ్రదర్స్ అనే పెద్ద మదుపు బ్యాంకు దివాలా తీసి రెండున్నర నెలలు దాటింది. అది 2009 జూన్‌లోనే ముగిసిందని చెప్పినది 2010 సెప్టెంబరులో. కోవిడ్ నాటి మాంద్యం ఇంకా విచిత్రం: 2020 ఏప్రిల్‌కే అయిపోయిందని 2021 జులైలో తెలిసింది. వాళ్ల తప్పేమీ లేదు, అంకెలన్నీ చేతికి వచ్చాకే తీర్పు చెబుతారు. కానీ మదుపరికి ఆ తీర్పు దేనికి పనికొస్తుంది? షేర్ల మార్కెట్ 2009 మార్చిలోనే లేవడం మొదలుపెట్టింది, మాంద్యం ముగియడానికి మూడు నెలల ముందే. అది ముగిసిందని అధికారికంగా వినడానికి ఏడాదిన్నర ముందు. మాంద్యం అన్న మాట పత్రికలో పెద్ద అక్షరాలతో కనబడే నాటికి చేతులు కాలి ఉంటాయి, ఆకుల ధర కూడా పెరిగి ఉంటుంది.

కనుక ముందే పసిగట్టి బయటపడటం, కుదుటపడ్డాక తిరిగి రావడం అన్న ఆలోచనను నేను వదిలేశాను. అది రెండుసార్లు సరిగ్గా ఊహించాల్సిన పని. పైగా పెద్ద పెద్ద పెరుగుదలలు వచ్చేది కూడా అదే బురదలో. 2008 అక్టోబరు 13న అమెరికాలోని మరో షేర్ల సూచీ డౌ జోన్స్ ఒక్కరోజులో 11 శాతం పెరిగింది. లేమన్ కూలి నెల కాలేదు, ముందు వారమంతా రక్తపాతం. 2020 మార్చి 24న మళ్లీ 11 శాతానికి పైగా పెరిగింది. మార్కెట్ అడుగు తాకినది ఆ ముందు రోజే. ఆ రెండు రోజుల్లోనూ పొద్దున పత్రిక చదివి ఎవరైనా కొంటారా?

ఇక అందరూ భయపడుతున్నప్పుడు కొనమనే సలహా. ఇది చెప్పేవాళ్లందరికీ గురువు అమెరికా మదుపరి వారెన్ బఫెట్. 2008 అక్టోబరు మధ్యలో, గగ్గోలు నడుమ, తన సొంత డబ్బుతో అమెరికా షేర్లు కొంటున్నానని ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ దైవవాక్కులా చూపిస్తారు. దాని తరవాత ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. మరుసటి మార్చి నాటికి మార్కెట్ ఇంకో నాలుగో వంతుకు పైగా పడింది. దగ్గరి కాలంలో మార్కెట్ ఎటు పోతుందో తనకు తెలియదని ఆయన అందులోనే రాసుకున్నారు, కాబట్టి ఆయన మాట తప్పలేదు. ఏళ్లు గడిచాక చూస్తే గొప్పగా నెగ్గింది కూడా. నాకు కనిపించే విషయం వేరు. ఆయనకూ నాకూ అదే మార్కెట్, అదే పతనం. ఆయన కొన్నది నాలుగో వంతు పడినా మార్చిలో అద్దె కోసం అమ్ముకోవలసిన పని ఆయనకు లేదు. ఆ ధైర్యానికి వెనక ఉన్న నిల్వను వదిలేసి ధైర్యాన్ని మాత్రమే నేర్పించడం ఈత రానివాడికి దూకడం నేర్పించడం లాంటిది.

ఆగలేకపోవడం అంటే ఏమిటో నాకు పూర్తిగా అర్థమైనది నా కథతో కాదు, ఒక బ్యాంకు కథతో. సిలికాన్ వ్యాలీ బ్యాంకు డిపాజిటర్ల డబ్బులో పెద్ద భాగం అమెరికా ప్రభుత్వ పూచీ ఉన్న దీర్ఘకాలిక బాండ్లలో పెట్టింది. సట్టా కాదు, జూదం కాదు. గడువు దాకా ఉంచుకుంటే అసలు మొత్తం చేతికి వస్తుంది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లను దాదాపు సున్నా నుంచి 4 శాతం పైకి తీసుకెళ్లింది. రేటు పెరిగితే పాత బాండు ధర తగ్గుతుంది, ఎందుకంటే ఎక్కువ వడ్డీ ఇచ్చే కొత్త బాండు దొరుకుతున్నప్పుడు తక్కువ వడ్డీ ఇచ్చే పాతదాన్ని నిండు ధరకు ఎవరూ కొనరు. అయినా బ్యాంకు ఆగగలిగి ఉంటే నష్టం కాగితం మీదే ఉండిపోయేది. డిపాజిటర్లు డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. 2023 మార్చి 8న ఆ బ్యాంకు సుమారు 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని ప్రకటించింది. మరునాడు ఒక్కరోజే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు. పదో తేదీన బ్యాంకు మూతపడింది. డిపాజిటర్ల డబ్బును ప్రభుత్వం కాపాడింది గానీ వాటాదారులది పోయింది. పెట్టుబడిలో మోసం లేదు, పెట్టినచోట ఎగవేత లేదు. తనకు ఎప్పుడు డబ్బు కావలసి వస్తుందో అన్న లెక్క తప్పింది, అంతే. నిపుణులతో నిండిన బ్యాంకే ఆ లెక్క తప్పిందంటే నా నోటుపుస్తకం మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంటి లెక్కలోకి దీన్ని దించితే ఇలా ఉంటుంది. మామూలు రోజుల్లో నెల ఖర్చుకు పది షేర్లు అమ్మితే చాలనుకుందాం. ధర సగానికి పడితే అదే ఖర్చుకు ఇరవై అమ్మాలి. సగం పడినది మళ్లీ పూర్వస్థితికి రావాలంటే రెట్టింపు కావాలని అందరికీ తెలుసు, అది ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది కూడా. కానీ అమ్మేసిన ఇరవై షేర్లు ఆ రెట్టింపులో లేవు. మార్కెట్ లేచింది, నేను లేవలేదు. పదవీ విరమణ చేసి మదుపు మీదే బతికేవారికి ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. విరమణ తరవాత తొలి రెండు మూడేళ్లలోనే మాంద్యం వస్తే, తరవాతి ఇరవై ఏళ్లు మార్కెట్ ఎంత బాగున్నా ఆ లోటు పూడకపోవచ్చు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మన ఆస్తులూ మన జీతమూ వేరువేరు అని లెక్కపెడతాం. మంచి రోజుల్లో అవి వేరే. మాంద్యంలో ఒకే తీగకు కట్టిన దీపాల్లా కలిసి ఆరిపోతాయి. షేర్లు పడతాయి, కంపెనీలు మనుషులను తీసేస్తాయి, ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు ఉండడు, అప్పు అడుగుదామంటే ఉద్యోగం లేనివాడికి ఎవరూ ఇవ్వరు. నిరుడు పిలిచి మరీ అప్పు ఇస్తామన్నవాళ్లే. దీనికి పరాకాష్ఠ ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ. ఆ కంపెనీ ఉద్యోగుల విరమణ నిధుల్లో సగానికి పైగా సొమ్ము ఎన్రాన్ షేర్లలోనే ఉండేది. 2000 ఆగస్టులో 90 డాలర్లు పలికిన షేరు 2001 నవంబరు ముగిసేసరికి ఒక డాలరు కంటే కిందికి వచ్చింది. డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. వేలమందికి ఒకే వారంలో జీతమూ పోయింది, దాచుకున్నదీ పోయింది. ఎన్రాన్ మోసం చేసిన కంపెనీ కాబట్టి అది వేరే సంగతి అంటారు. మోసం లేకపోయినా తీగ ఒకటే. నా 2009 నాటి షేర్లలో మూడో వంతు నేను పనిచేసే రంగానికి చెందినవే. బాగా తెలిసిన రంగం కదా అని మురిసిపోతూ కొన్నాను.

ఆ నెలల నిల్వ ఎక్కడ ఉంచాలి? ఇక్కడ తెలివి ప్రదర్శించకపోవడమే మేలు. అమెరికాలో రిజర్వ్ ప్రైమరీ ఫండ్ అని ఒకటి ఉండేది. బ్యాంకు డిపాజిట్ లాగే భద్రమని అందరూ నమ్మిన స్వల్పకాలిక ఫండు. ఒక డాలరు పెడితే ఎప్పుడు అడిగినా ఒక డాలరు. కాస్త ఎక్కువ వడ్డీ కోసం అది లేమన్ అప్పు పత్రాలు 78.5 కోట్ల డాలర్ల మేర కొనిపెట్టుకుంది. లేమన్ కూలిన మర్నాడు, 2008 సెప్టెంబరు 16న, దాని యూనిట్ విలువ 97 సెంట్లకు దిగింది. మూడు సెంట్ల నష్టం పెద్దది కాదు. కానీ డబ్బు తీసుకునే దారి మూసుకుపోయింది, సరిగ్గా డబ్బు అవసరమైన వారంలో. కనుక ఈ నిల్వకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: ప్రభుత్వ పూచీ పరిమితికి లోబడిన బ్యాంకు డిపాజిట్, మర్నాడు చేతికి వచ్చేది. వడ్డీ ఎంత అని అడగను.

బంగారం ఉందిగా అంటారు. ఉండనివ్వండి, నాకు విరోధం లేదు. కానీ 2008 మార్చిలో ఔన్సు 1,000 డాలర్లు దాటిన బంగారం అదే ఏడాది అక్టోబరులో, అసలు భయం అప్పుడే ముదురుతుండగా, 700 డాలర్ల చిల్లరకు దిగింది. ప్రపంచం కూలుతోందంటే బంగారం పెరగాలి కదా? పెరిగింది, తరవాత. ఆ నెలల్లో మాత్రం అప్పులవాళ్లు మీద పడిన పెద్ద మదుపరులు అమ్ముడుపోయేది ఏది దొరికితే అది అమ్మారు, బంగారం అమ్ముడుపోతుంది కాబట్టి దాన్నీ అమ్మారు. 2020 మార్చిలోనూ కొన్ని రోజులు ఇదే జరిగింది. వాళ్లకూ నాలాగే నెలాఖరు వచ్చిందన్నమాట.

నా వాదనలో ఒక బలహీనత ఉంది, దాచను. నిల్వ ఉంటే ఆగవచ్చు, ఆగితే మార్కెట్ తిరిగి వస్తుంది అన్నట్టు మాట్లాడుతున్నాను. తిరిగి వస్తుందని ఎవరన్నారు? జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసింది. ఆ మెట్టును మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. ముప్పై నాలుగేళ్లు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు విరమణకు దగ్గరపడే కాలం. డౌ జోన్స్ 1929 సెప్టెంబరులో 381 నుంచి 1932 జులైలో 41కి పడి, మళ్లీ 381 చూసింది 1954 నవంబరులో. మధ్యలో కంపెనీలు పంచిన లాభాలు, అంటే డివిడెండ్లు, కలుపుకుంటే కథ ఇంత భయంకరంగా ఉండదు, శిఖరం మీద మొత్తం డబ్బు ఒకేసారి పెట్టేవారూ అరుదే. అయినా పన్నెండు నెలల నిల్వతో ముప్పై నాలుగేళ్లు ఆగలేం. దీనికి నా దగ్గరున్న జవాబు పాతదే. ఒకే దేశం, ఒకే రంగం మీద మొత్తం పెట్టవద్దు. వచ్చే అయిదారేళ్లలో తప్పక కావలసిన డబ్బును షేర్ల దగ్గరికి రానివ్వవద్దు. ఇది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు.

అప్పుల గురించి ఎక్కువ చెప్పను. క్రెడిట్ కార్డు మీద బాకీ పెట్టుకుని చవకగా దొరుకుతున్నాయని షేర్లు కొనేవారితో నాకు మాటలు లేవు. షేర్లు తాకట్టు పెట్టి షేర్లు కొనేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ధర పడితే వాళ్ల అమ్మకపు తేదీని అప్పు ఇచ్చిన బ్రోకరు నిర్ణయిస్తాడు.

తప్పనిసరై అమ్మవలసి వస్తే ఏది అమ్మాలి అన్నది మాత్రం కాస్త నిలిచి చూడదగ్గది. 2009లో నేను ఏవి అమ్మానో ఆ లావాదేవీల కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. తీసి చూస్తే సిగ్గేస్తుంది. తక్కువ పడిన మంచి కంపెనీలను ముందు అమ్మాను, ఎందుకంటే అక్కడ నష్టం చిన్నగా కనిపించింది. ఎనభై శాతం పడిన వాటిని ముట్టుకోలేదు, కొన్న ధర రానీ అప్పుడు అమ్ముదాం అని. అలా కాపాడుకున్న వాటిలో రెండు కంపెనీలు తరవాత లేకుండానే పోయాయి. ఇది నా ఒక్కడి జబ్బు కాదట. లాభంలో ఉన్నవి తొందరగా అమ్మి, నష్టంలో ఉన్నవి పట్టుకుని వేలాడే ఈ అలవాటును షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1985లోనే పేరు పెట్టి మరీ వర్ణించారు. నష్టం వల్ల కలిగే బాధ అంతే లాభం ఇచ్చే ఆనందం కంటే చాలా బరువైనదని కానమన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో చూపారు. అమ్మనంత వరకు నష్టం కాదు అని మనకు మనం చెప్పుకునే మాట ఆ బరువును దించుకోవడానికే. నేను ఎంతకు కొన్నానో కంపెనీకి తెలియదు, మార్కెట్‌కూ తెలియదు. ఇప్పుడు చేతిలో డబ్బే ఉండి ఉంటే ఈ షేరును ఈ ధరకు కొంటానా అని అడుగుతాను. కొనను అనుకుంటే, అమ్మాల్సినది అదే. అడగడం తేలికే. చేతి వేలు మీటను నొక్కడానికి మాత్రం ఇప్పటికీ మొరాయిస్తుంది.

2020కి వద్దాం. ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 దాకా, అయిదు వారాలు నిండకుండానే, ఎస్ అండ్ పీ 500 మూడో వంతు పోయింది. ఈసారి ఉద్యోగం ఉంది, ఉంటుందో లేదో తెలియదు. మార్చి మూడో వారంలో ఒక రాత్రి నిద్రపట్టక ఫోను తెరిచి అవే ఎర్ర అంకెలు చూస్తున్నాను. నా భార్య లేచి కూర్చుంది.

"ఎన్ని నెలలు వస్తుంది?"

"పద్నాలుగు."

"అయితే ఆ ఫోను పక్కన పెట్టి పడుకోండి."

పడుకున్నాను. అదేదో గొప్ప నిర్ణయమని చెప్పుకోను. నెలనెలా పెట్టే మదుపు ఆపలేదు, అంతవరకు బాగుంది. నిల్వకు పైన మిగిలిన డబ్బుతో, మార్కెట్ ఇంకో పది శాతం పడ్డాక గట్టిగా కొందామని కాచుకుని కూర్చున్నాను. ఆ పది శాతం రాలేదు. ఆగస్టు నాటికి సూచీ పాత శిఖరాన్ని దాటేసింది. కొనడంలో 2020లోనూ నేను తెలివితక్కువవాడినే. అమ్మలేదు, దానితోనే గట్టెక్కాను.

ఈ లెక్కతో సమస్య లేదని అనను. ఏడాదికి పైగా ఖర్చును డిపాజిట్‌లో మూలన పెడితే ద్రవ్యోల్బణం దాన్ని చెదపురుగులా తింటుంది. నాకంటే చిన్నవాడైన ఒక సహోద్యోగి ప్రతి ఏడాదీ లెక్కగట్టి మరీ చూపిస్తాడు, ఈ డబ్బు షేర్లలో ఉండి ఉంటే ఇంత అయ్యేది అని. అతని లెక్క తప్పు కాదు. ఇంటికి అగ్నిప్రమాద బీమా కట్టి, ఇల్లు కాలనందుకు ఆ డబ్బు దండగైందని ఎవరూ ఏడవరు కదా అంటాను. బీమా అంత ఖరీదు ఉండదు సార్ అంటాడు. అదీ నిజమే. ఇద్దరు సంపాదిస్తున్న ఇంటికి, అదీ వేరువేరు రంగాల్లో, ఆరు నెలలు చాలవచ్చు. అప్పులు లేని ఒంటరి కుర్రవాడికి ఇంకా తక్కువ సరిపోవచ్చు. మళ్లీ ఉద్యోగం దొరకడానికి ఏడాది పట్టే వయసులో ఉన్న నాకు పన్నెండు కంటే తగ్గితే నిద్ర రాదు.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ అదే. చివరి పేజీ నుంచి మొదలై వెనక్కి వెనక్కి వస్తూ మధ్యకు చేరింది. ప్రతి మూడు నెలలకు ఒక పేజీ. ఎడమ వైపు ఆగని ఖర్చులు, కుడి వైపు మర్నాడు చేతికి వచ్చే డబ్బు, కింద భాగహారం. షేర్ల విలువకు ఆ పేజీలో చోటు లేదు. మొన్న వేసిన లెక్కలో పది వచ్చింది. డబ్బు తగ్గలేదు, పిల్లవాడి కాలేజీ ఫీజుతో ఎడమ వైపు పెరిగింది. నా భార్య పెన్సిలుతో ఆ పది చుట్టూ గుండ్రంగా గీత గీసి పుస్తకం నాకు ఇచ్చేసింది. అది మళ్లీ పన్నెండు అయ్యే దాకా కొత్త షేర్లు కొనడం ఆపాను. మార్కెట్ చూస్తే రోజూ పెరుగుతోంది. కాస్త మంటగానే ఉంది.